తిరుగుతున్న బెల్టు ముందు హారతి

నా కూతురి లంగా అంచు బెల్టు వైపు లేచింది. నాకు భయం మొదలైంది ఆ క్షణంలోనే. గాలి పొలాల మీదుగా వీస్తోంది. మా అత్త కొంగు, నా కొంగు, ట్రాక్టర్‌కు కట్టిన మామిడాకులు అన్నీ ఒక్క దిక్కుకే ఊగుతున్నాయి. పిల్ల లంగా మాత్రం గాలికి ఎదురుగా, తిరుగుతున్న బెల్టు వైపు మెల్లగా లేచి అక్కడే నిలిచింది, ఎవరో వేళ్లతో అంచు పట్టుకుని చూస్తున్నట్టు.

అది దసరా పొద్దు. మేం సిద్దిపేటలో ఉంటాం. పండగకని నారాయణరావుపేట దగ్గర ఉన్న మా అత్తగారి ఊరికి వెళ్లాం. అక్కడ మా మామకు ఒక ట్రాక్టర్ ఉంది. నా భర్త పుట్టకముందే కొన్నారట. అది దున్నడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాని పని కట్టె కోయడం. దాని పక్కనుండే ఇనుప చక్రానికి వెడల్పాటి బెల్టు తొడిగి, ఆ బెల్టును ఎదురుగా ఉన్న రంపం మిషన్‌కు తగిలిస్తారు. ట్రాక్టర్ కదలకుండా నిలబడి అరుస్తుంటే అవతల రంపం తిరుగుతుంది. వేప దుంగలు దర్వాజ చెక్కలవుతాయి. మక్కజొన్నల కాలం వస్తే అదే బెల్టును మక్కలు పట్టే మిషన్‌కు మారుస్తారు.

బ్యాటరీ ఎప్పుడో పోయింది. చక్రాల కింది రాళ్లు తీసి, బెల్టు విప్పి, వాలులో నలుగురు నెడితే తప్ప ఇంజన్ అందుకోదు. అందుకని ఒకసారి స్టార్టయితే పొద్దుగూకేదాకా ఆపరు. ఇంజన్ నడుస్తున్నా బెల్టును మాత్రం ఆపడానికి ఒక లివర్ ఉండేదట, అదీ విరిగిపోయింది. నూనె పోయడం, రంపం కింద పొట్టు తీయడం, బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లడం, అన్నీ అది తిరుగుతుండగానే. ఆయుధ పూజ కూడా అట్లాగే.

"ఆపి మొక్కితే కాదా మామా?" అని అడిగాను ఆ పొద్దున.

"ఆగిపోయినదానికి మొక్కుతరా ఎవలన్న? గదేమన్న పీనుగా?" అన్నాడు మామ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆ బెల్టుకే పోయాయి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఆ చెయ్యి చూపించి, "నేను ముందుగాల్నే నైవేద్యం పెట్టిన. ఇగ నన్నేం అడగది" అంటాడు. నా పెళ్లయిన కొత్తలో అన్నాల దగ్గర ఆ మాటంటే అందరూ పగలబడి నవ్వారు. ఇప్పటికీ ఆయన ఆ చేత్తో కూర వడ్డిస్తుంటే నాకు గుర్తొచ్చేది ఆ వేళ్లు కాదు, ఆ నవ్వులు.

కోడిని కోశారు. చక్రాలకు పూసిన రక్తం మీద కట్టెపొట్టు పడి గడ్డలు కట్టింది. గుట్కా ఉమ్ములు, కాలిన నూనె కంపు, పొద్దున్నే తాగినవాళ్ల చెమట. ఆ మధ్యలో నా కూతురు, కొత్త పట్టు లంగా కట్టుకుని, చేతిలో హారతి పళ్లెంతో. ఒకటో తరగతి పిల్ల. పళ్లెం ఇస్తూ మామ, "గట్టిగ పట్టుకో బిడ్డా. కిందపడ్డదనుకో, ఏడాదంత అరిష్టం" అని చెప్పాడు. మా మరిది ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

"ఇంకింత దగ్గరికి పో పాపా. తాత ట్రాక్టర్ మొత్తం రావాలె."

పిల్ల జరిగింది. లంగా అంచు లేచింది. నేను అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినపడలేదు. మరిది నన్ను చూశాడు, చూసి, పక్కకు తప్పుకోమని చేత్తో సైగ చేశాడు. వీడియోకు అడ్డం వస్తున్నానని.

పరుగెత్తి పిల్లను నడుం పట్టి లాగాను. పళ్లెం కిందపడింది. వెంటనే సీటు దగ్గరున్న తీగ పట్టుకుని గుంజాను. రోజూ సాయంత్రం మామ ఇంజన్ ఆపేది దాంతోనే. ఇంజన్ దగ్గి, దగ్గి ఆగింది.

"ఎవలు ఆపిన్రు?" మామ గొంతు.

"ఇగో, నీ సదువుకున్న కోడలే" అంది అత్త.

"మంచిగొస్తుండె వీడియో. అంత ఆగం జేసినవ్ వదినా!"

"లంగా బెల్టుకు తాకింది" అన్నాను.

"తాకితేంది? నావి రెండు వేళ్లు పోయినయ్. నేనేమన్న ఏడ్సిన్నా?" అన్నాడు మామ.

నా భర్త వైపు చూశాను. "సరే తియ్, ఏం గాలేదు గదా" అన్నాడు. తర్వాత కొత్త చొక్కా మాసిపోతుందని విప్పి, నాకే అందించి, ట్రాక్టర్ నెట్టడానికి పోయాడు. పిల్ల ఒక చేతిలో, ఆ చొక్కా ఒక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజంతటిలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ చొక్కా.

వాళ్లు తిట్టుకుంటూ, రొప్పుతూ నెట్టారు. చాలాసేపటికి ఇంజన్ అందుకుంది. మళ్లీ బెల్టు తొడిగారు. మామ కేకేశాడు: "పాపను తోల్కరా. హారతి సగంల ఆగింది."

"రాదు" అన్నాను.

అత్త నా పక్కకొచ్చి మెల్లగా, ఎంతో మంచిగా చెప్పింది. "పాప భయపడ్డది, పోనీ. చిన్నోడు లేడా? ఆని చేతికియ్యి."

చిన్నోడంటే నా కొడుకు. వాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఇద్దరినీ తీసుకుని రోడ్డు మీదికి నడిచాను. సిద్దిపేటకు ఆటో దొరికేదాకా వెనుక ఆ మోత వినిపిస్తూనే ఉంది.

ఇంటికొచ్చి లంగా విప్పుతుంటే చూశాను. అంచు వెంట నల్లటి నూనె చార. అక్కడ జరీ లేదు, గీకేసినట్టు పోయింది.

"ఎవరో గుంజినట్టయిందమ్మా" అంది నా కూతురు.

"మరి ఎనుకకు రాకపోయినవా?"

"కదిలితే పళ్లెం పడ్తది గదా. తాత పడేయొద్దన్నడు."

సాయంత్రం నా భర్త గిన్నెలో మటన్ కూర పట్టుకుని వచ్చాడు. మూత తీస్తే నాకు కట్టెపొట్టు వాసనే వచ్చింది. "బాపు కోపం మీదున్నడు. ఆదివారం పోయి హారతి పూర్తి చేసొద్దాం" అన్నాడు. మా మరిది అప్పటికే వీడియో నెట్‌లో పెట్టేశాడు. నేను పరుగెత్తుకొచ్చే ముందుదాకా ఉంచి, మిగతాది కత్తిరించాడు. లంగా అంచు లేవడం అందులో స్పష్టంగా కనబడుతుంది. కింద కామెంట్లలో మాత్రం దండాలు, పూలు, 'తాత ట్రాక్టర్ సూపర్'. ఆ అంచును ఒక్కరూ చూడలేదు. చూసినా ఏమనుకున్నారో. పిల్లలు పడుకున్నాక ఆ వీడియో మళ్లీ చూశాను.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఉప్మా పెట్టాను. వాళ్ల నాన్న పక్కనే చాయ్ తాగుతున్నాడు. ఆయనకూ వినపడేలా చెప్పాను.

"ఆదివారం మనం పోతలేం. ఎప్పుడు పోయినా, గా ఇంజన్ తిరుగుతుంటే దాని దగ్గరికి పోవద్దు. తాత పిలిచినా, డాడీ పిలిచినా, నేను పిలిచినా సరే పోవద్దు. ఎవరన్న చేతిల ఏదన్న పెట్టి నిలబెడితే, అది హారతి పళ్లెమైనా సరే, కింద పడేసి ఉరుకున్రి."

"తాత తిడితే?" అంది నా కూతురు.

"తిట్టనియ్ బిడ్డా. తిట్లు నేను పడత. నువ్వు తమ్ముని చెయ్యి పట్టుకొని ఉరుకు."