అరుగుకు అడ్డమొచ్చిన కారు

మా పాత చిన్న కారు మూలకుళంలోని మా సందులో సులువుగా దూరేది. అది పాడయ్యాక అట్లాంటిదే కొనమన్నాను.

"అట్టాంటివి ఇప్పుడు యాడ దొరకతాయిమా? అందరూ పెద్దవే కొంటుండారు," అన్నాడు నా కొడుకు.

పెద్ద కారే వచ్చింది. సందు మొదట్లో పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. తీరా ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎదురింటి గోడకూ మా అరుగుకూ మధ్య పట్టలేదు.

"రేపే అరుగు కొట్టించేస్తా," అన్నాడు.

నేను రోజూ కూరలు తరిగే అరుగు అది. వెళ్లి దానిమీద కూర్చున్నాను.

"ఏందిమా ఇది? వీధంతా చూస్తుండారు!"

"చూడనీరా. కారు కొనేముందు సందు చూసుకోవాల్సింది నువ్వు."

హారన్ గట్టిగా మోగించాడు. నేను కదలలేదు. చివరికి కారు వెనక్కి తీశాడు.

ఇప్పుడది పెద్ద రోడ్డు మీదే ఉంటుంది. వాడు నడిచొచ్చి, ఆ అరుగు మీదే కూర్చుని బూట్లు విప్పుతాడు. నాతో మాత్రం మాట్లాడడు.