మంచి బండి వద్దు

మా మేనమామ సిరిసిల్ల చీరలు సారంగాపూర్ అవుతల అడవి పల్లెల్లో అమ్మెటోడు. సైకిల్ మీద గుట్టలెక్కలేక, సెకండ్‌హ్యాండ్ మోటర్‌సైకిల్ కొందామని నన్ను కోరుట్లకు తోలుకపోయిండు. అక్కడ ఏ బండి చూసినా కిక్కు కొట్టి, కండ్లు మూసుకొని ఇంజన్ చప్పుడు విన్నడు. మొదటి బండి ఒక్క కిక్కుకే అందుకున్నది.

"మంచి బండి. వద్దు," అన్నడు.

"ఎందుకు మామా?"

"మంచిదైతే అడవిల అన్నలు అడుగుతరు. వాళ్లకిస్తే పోలీసులడుగుతరు, ఎందుకిచ్చినవని."

ఏరి ఏరి మొరాయించేదాన్ని కొన్నడు. ఎక్కి నడిపిందానికంటె నూకిందే ఎక్కువ.

ఓనాడు పొద్దుగాల పోలీసులు ఇంటికొచ్చిన్రు. బండిని చూసి నవ్విన్రు.

"ఇది ఉండనియ్యి. అడవి తొవ్వలన్ని నీకెరుకే గద, చూపిద్దువు రా. జీపెక్కు."

మామ ఎక్కి కూసున్నడు. జీపు ఒక్కసారికే స్టార్టయింది. కండ్లు మూసుకొని విన్నడు. నా దిక్కు తిరిగి, "మంచి బండి," అన్నడు.