చెత్తకు కాపలా

సీతారామలక్ష్మి టీచరుగారికి శుభ్రం పిచ్చి. గిట్టనివాళ్ళు అన్న మాట కాదిది, ఆవిడ భర్త భాస్కరంగారే అందరితోనూ చెప్పుకునేవారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల గోళ్ళు చూసిన కళ్ళు రిటైరయ్యాక వీధి మీద పడ్డాయి. రోజూ తెల్లారగానే కళ్ళాపి చల్లి, ముగ్గేసి, కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడేది. మునిసిపాలిటీ తరఫున వీధి ఊడ్చే వీరవేణి కనబడగానే, "వేణీ, ఆ మూల వదిలేశావు చూడు" అనేది.

"ఆయ్, చూశానండి" అంటూ వీరవేణి వెనక్కొచ్చి ఊడ్చేది. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి పలకరింపు ఇంతే.

పాలకొల్లుకు బస్సులో అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరది. రెండువేల మూడు వేసవిలో అక్కడ వీధులూడ్చేవాళ్ళు సమ్మెకు దిగారు. కాంట్రాక్టరు ఇచ్చే జీతం తిండిగింజలకే చాలడం లేదని, పెంచేదాకా చీపురు ముట్టుకోమని మునిసిపల్ ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో వీరవేణి కూడా ఉందని తెలిసి టీచరుగారి మనసు చివుక్కుమంది.

"పాపం, వేణి లేనప్పుడు దాని వీధి మనం కాక ఎవరు చూస్తారు?" అని నడుం బిగించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను కూడగట్టింది. మర్నాటికల్లా వీధి పెళ్ళివారిల్లులా తయారైంది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు మణిశంకర్ స్కూటరు ఆపి అటూ ఇటూ చూసి మురిసిపోయాడు.

"భలే చేశారండి టీచరుగారూ. ఊరంతా మీలాగే ఉంటే ఈ సమ్మె రేపే చల్లారిపోద్ది. జీతాలు పెంచే పనే ఉండదండి."

ఆవిడ చేతిలో చెత్తబుట్ట అలాగే ఉండిపోయింది. మేలు చేస్తున్నాననుకుంటూ వేణి కడుపు మీద కొడుతున్నానని అప్పటికిగానీ తెలియలేదు. సిగ్గేసింది, ఒళ్ళు కూడా మండింది. బుట్ట తీసుకెళ్ళి స్కూటరు ముందు బోర్లించింది. అరటితొక్కలు, కొబ్బరి డొక్కలు, ఎంగిలి విస్తళ్ళు నడివీధిలో పడ్డాయి.

"అదేంటండీ!"

"ఇది వేణి వీధండి. వేణే వచ్చి ఊడుస్తుంది. మీరు వెళ్ళి జీతాల సంగతి చూడండి."

ఆ రోజు నుంచి ఆవిడకు నరకమే. కుప్ప పెరిగింది, ఈగలు ముసిరాయి, అన్నం సహించలేదు. చేతులు ఊరుకోవని తెలిసి, చీపురు అటక మీద దాచెయ్యమని భర్తను తనే బతిమాలింది. ఆయన సంతోషంగా దాచారు.

చివరకు కాంట్రాక్టరు పొరుగూరి మనుషులతో ట్రాక్టరు పంపాడు. అది వీధి మలుపు తిరిగేసరికి, కుప్ప పక్కన కుర్చీ వేసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని టీచరుగారు కూర్చుని ఉంది. భాస్కరంగారు గొడుగు పట్టారు. చూస్తుండగానే పక్కిళ్ళవాళ్ళు కూడా పీటలు తెచ్చి వేసుకున్నారు.

"ఈ చెత్త మాది బాబూ. ఇవ్వం" అంది టీచరుగారు.

"చెత్త ఇవ్వం అనేవాళ్ళని ఇక్కడే చూశానండి" అని డ్రైవరు నవ్వుకుంటూ ట్రాక్టరు వెనక్కి తిప్పాడు.

ఈ కబురు ఊరంతా పాకింది. సాయంత్రానికి ప్రతి వీధిలోనూ కుప్ప పక్కన కుర్చీలు వెలిశాయి. కంపు భరించలేక ఆఫీసువాళ్ళు దిగొచ్చారు, జీతాలు పెరిగాయి.

మర్నాడు తెల్లారగానే వీరవేణి వచ్చింది. కుప్ప ఎత్తి, వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఊడ్చి, టీచరుగారి గుమ్మం ముందు ఆగి చెమట తుడుచుకుంది. కరెంటు స్తంభం మూల ఒక విస్తరాకు మిగిలిపోయింది. టీచరుగారు దాన్ని చూసింది, కాఫీ గ్లాసులోకి చూపు దించుకుంది.

"ఏంటండీ టీచరుగారూ, ఇయ్యాల ఏ మూలా వదల్లేదా?"

"నాకేం కనబళ్ళేదమ్మా" అని, టీచరుగారు రెండో గ్లాసు తేవడానికి లోపలికి నడిచింది.