హద్దురాయి కింద బొగ్గులు

పొగను భూమిలో దాచవచ్చంటే నేను నమ్మలేదు. తమిళనాడు ధర్మపురిలో ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన దాన్ని, అంత తేలిగ్గా తల ఊపే రకం కాదు. వెల్లిచందై దగ్గర మా నాయన నాకు వదిలిపోయిన మామిడి తోట, దాన్ని ఆనుకొని రాగి చేను ఉన్నాయి. ఒక కంపెనీ ఆఫీసరమ్మ అక్కడికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నవ్వాను కూడా.

ఫ్యాక్టరీ చిమ్నీల దగ్గరే బొగ్గుపులుసు వాయువును పట్టి, గొట్టాల్లో పంపి, లోతైన రాతిపొరల్లో దాచే పద్ధతి ఒకటుందని చదివాను. దానికి ఖర్చు విపరీతం. వాయువును ఇముడ్చుకునే రాయి కావాలి. అది మళ్లీ పైకి రాకుండా తరతరాలు కాపలా కాయాలి. మా నేల కిందున్నదేమో చెంబుడు నీళ్లివ్వడానికే ఏడిపించే రాయి. బోర్లు వేసి వేసి అలసిపోయిన వాళ్లం, దాంట్లోకి పొగ ఎక్కిస్తామంటే ఎలా నమ్ముతాం?

ఆ మాటే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. ‘‘అందుకే మీకు ఇంకో దారి చెబుతున్నా’’ అంది తమిళంలో. కత్తిరించిన మామిడి కొమ్మల్ని గుంటలో గాలి సరిగా ఆడకుండా కాల్చి, బూడిద కాకముందే నీళ్లు చల్లి బొగ్గు చేయాలి. దాన్ని పొడిచేసి, పేడనీళ్లలో నానబెట్టి చేనులో కలపాలి. చెట్టు పీల్చిన వాయువులో కొంత ఆ బొగ్గులో చిక్కి నేలలోనే ఉండిపోతుంది. కొమ్మల్ని కుళ్లనిస్తే మళ్లీ గాలిలో కలుస్తుంది. ఇది నా బుర్రకెక్కింది. చేనులో బొగ్గు కలుపుతానని ఆమె ఇచ్చిన ఫారంలో సంతకం పెట్టాను. ‘ఈ నేలలో ఇదివరకు పూడ్చిన బొగ్గు ఉందా?’ అని ఒక ప్రశ్న ఉంది. తెలిసే ‘లేదు’ అని రాశాను.

నిజానికి పూడ్చారు. మా తాత కొడుకులిద్దరికీ చేను పంచిన రోజు నాకు ఏడేళ్లు. అవ్వ పొయ్యిలోని బొగ్గుల్ని గంపలో పోసి ఇస్తే నేనే చేనికి మోశాను. మోకాలి లోతు గుంత తీసి, బొగ్గులు పోసి, మన్ను కప్పి, పైన హద్దురాయి నాటారు. బొగ్గు కరగదు, కుళ్లదు, చెద పట్టదు. రాయి పక్కకు జరిగినా కింద సాక్షి ఉంటుందని మా వైపు వాడుక. అయితే గుంత తవ్వి చూడాలంటే రెండు వైపుల వాళ్లూ దగ్గర నిలబడాలి.

పక్క చేను మా చిన్నాయనది. అన్న రాయి జరిపినాడని ఆయన చాలా ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. తవ్వుదాం రమ్మంటే మా నాయన, ‘‘తవ్వమన్నాడంటే నన్ను దొంగ అన్నట్టే’’ అని ఒక్కసారీ పోలేదు. ఆయన పోయాక నేనూ పోలేదు. మా నాయన అలాంటివాడు కాదని నాకు గట్టి నమ్మకం. చిన్నాయనతో మాటలు తగ్గిపోయాయి. ఫారంలో ‘లేదు’ అని రాసింది ఈ గొడవ మళ్లీ లేవకూడదనే.

చేనంతా బొగ్గు చల్లి దున్నించిన వారానికి ఆఫీసరమ్మ పరీక్షకు మట్టి తీసుకెళ్లడానికి వచ్చింది. అప్పుడే చిన్నాయన గట్టు దాటి వచ్చాడు.

‘‘ఏం పాపా, మీ నాయన రాయి జరిపినాడు, నువ్వు సాక్షినే చెరిపేస్తా ఉండావా? యాడ తవ్వినా బొగ్గే వచ్చేట్టు చేసినావే.’’

నాకు ఒళ్లు మండింది. లోకం మంచికని చేసిన పనిలో ఆయనకు కనబడింది ఇదా?

‘‘నేను కలిపింది జానెడు లోతే, చిన్నాయనా. తాత వేసింది మోకాలి లోతు కదా. తవ్వు. నేను ఈడనే నిలబడతా’’ అన్నాను.

తవ్వాడు. రాయి కింద ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు. అయినా నేను తగ్గలేదు. బొగ్గు ఎప్పుడో మన్నులో కలిసిపోయి ఉంటుందని కూడా అన్నాను. ఆయన నా చేను వైపు జరిగి, రెండడుగుల అవతల గడ్డపార దింపాడు. పైన జానెడు వరకు నా బొగ్గు. దాని కింద వట్టి మన్ను. ఇంకా కిందికి పోతే గుంతెడు బొగ్గులు, నిన్న పొయ్యిలోంచి తీసినంత నల్లగా. నేను మోసిన గంప.

నాకు సిగ్గేసింది. మా నాయన మీద కోపం వచ్చింది, ఆయన లేడన్న ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లు చిన్నాయన్ని అబద్ధాలకోరు అనుకున్నాను.

ఆఫీసరమ్మకు మా తెలుగు రాదు. ఆమెకు కనబడింది బొగ్గు ఒక్కటే. సంబరంగా ఒక ముక్క చేతిలోకి తీసుకుని, ఇది ఎన్నేళ్ల నాటిదని తమిళంలో అడిగింది. తన తండ్రి హద్దు గుర్తుగా వేసింది, యాభై ఏళ్లు దాటిందని చిన్నాయన చెప్పాడు. హద్దు గుర్తైతే మరి రాయి అంత దూరంలో ఎందుకుందని ఆమె మళ్లీ అడిగింది. నేను తల దించుకున్నాను.

చిన్నాయన గడ్డపారకు అంటిన మన్ను దులిపాడు. ‘‘ఒక వానాకాలం ఎద్దు తగిలి రాయి పడిపోయిందమ్మా. అన్నా నేనూ చీకట్లో నాటినాము, కొంచెం జరిగిపోయింది’’ అని తమిళంలోనే చెప్పాడు.

నేను ఫారం అడిగి తీసుకుని ‘లేదు’ కొట్టేసి ‘ఉంది’ అని రాశాను. ఆ రెండడుగులు తీసేసి పొలం కొలత కూడా దిద్దాను.

‘‘నీ బొగ్గు నా చేన్లో పడిందే, ఎత్తుకుంటావా?’’ అన్నాడు చిన్నాయన.

‘‘ఉండనీ చిన్నాయనా.’’

రాయిని పాత చోటికి తేవాలని వంగి పట్టుకున్నాను. నా వల్ల కాలేదు. రెండో పక్క ఆయన పట్టాడు.