మామయ్య దగ్గు

మా మామయ్యకు దగ్గు ఉందని కాపురానికి వచ్చిన కొత్తలోనే కనిపెట్టాను. అదేం దగ్గో గాని ఇంట్లో ఉండదు, చర్చిలో ఉండదు. పొద్దున్నే ముసునూరు దారిలోని మా మామిడితోట గేటు దగ్గరికి వెళ్లేసరికి మాత్రం నాలుగు తోటల అవతలికి వినబడేలా వస్తుంది. మిరియాల కషాయం కాచాను, తమలపాకు రసం పిండాను, నూజివీడులో డాక్టరుకు చూపించాను. ఇచ్చినవన్నీ బుద్ధిగా తాగారు. మర్నాడు గేటు దగ్గర మళ్లీ అదే దగ్గు.

ఎవరేం చెప్పినా "సరేనమ్మా" అనే మనిషి ఆయన. చర్చి సంఘంలో పెద్ద అయినా చెప్పులు విడిచే చోటు పక్కన చాప మీద కూర్చుంటారు. సాక్ష్యం చెప్పమంటే లేచి, "దేవుడు మంచోడండి" అని కూర్చుంటారు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంత మెతకగా ఉంటే లోకం నెత్తికెక్కుతుందని ఆయనతోనే అనేదాన్ని. దానికీ సరేనమ్మా అనేవారు.

ఒక వేసవిలో, చిన్నరసాలు ఇంకా ముదరకముందే, రాత్రి ఈదురుగాలి వీచింది. తెల్లవారగానే ఇద్దరం తోటకు బయల్దేరాం. ఎంత కాయ రాలిందోనని నా ఆత్రం నాది. గేటు దగ్గరపడగానే ఆయన గొంతు సవరించుకోవడం చూసి, కొంగున ముడేసి తెచ్చిన దగ్గు బిళ్ల ఇచ్చాను. నోట్లో వేసుకున్నారు. దాన్ని చప్పరిస్తూ ఏదో చెప్పబోయేలోపే నేను గేటు తోసుకుని లోపలికి వెళ్లిపోయాను.

కంచె వారన ఉన్న చెట్టు కింద పక్క తోట పెద్దావిడ వంగి మా కాయలు ఏరి సంచిలో వేసుకుంటోంది. నన్ను చూసి కొయ్యబారిపోయింది.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల తోటలన్నీ ఆవిడ వాళ్లవే. మామయ్య వయసులో ఉండగా వాళ్లకే కాపలా కాశారు. దాహమంటే ఆ ఇంట్లో నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారని మా అత్తయ్య చెప్పింది. తర్వాత ఆవిడ భర్త జబ్బుకు తోటలన్నీ అమ్ముడుపోయాయి. కంచె అవతల రెండు చెట్లు మిగిలాయి. ఆ ఏడు వాటికి పూతే రాలేదు.

నాకు నోటి దాకా వచ్చేసింది మాట. అది బయటపడితే ఆవిడ ఇక ఊళ్లో తలెత్తుకోలేదని ఆ ముఖమే చెబుతోంది. ఇంతలో మామయ్య వెనకనుంచి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"అమ్మగారూ, రాత్రి గాలికి మీ కాయలు మా వైపు దొర్లాయండి. నేనే ఏరి తెచ్చిద్దామనుకుంటున్నా. మీకు శ్రమయింది."

తనే వంగి ఇంకొన్ని మంచి కాయలు చూసి ఆ సంచిలో వేశారు. ఆవిడ కంచె దాటేదాకా అటు తిరిగి నిలబడ్డారు.

అప్పుడు తెలిసింది నాకు ఆ దగ్గేమిటో. లోపల ఏరుకుంటున్న వాళ్లెవరైనా ఉంటే, తన కంటబడకుండా వెళ్లిపోవడానికి ఆయన ఇన్నేళ్లూ గేటు బయట నిలబడి దగ్గారు. ఇంత మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ నేను చేసిందల్లా కషాయాలు కాచడం.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "పూతే రాని చెట్టుకి కాయలేంటండీ మామయ్యా?"

"చేను కోశాక రాలిన పరిగె లేనివాళ్లకి వదిలెయ్యమన్నాడు కదమ్మా దేవుడు. మామిడితోటలకి వేరే బైబిలు ఇవ్వలేదుగా."

"మరి దగ్గు?"

"బిళ్ల బాగుందమ్మా," అన్నారు.

ఆ వేసవి చివర, ఎండలు తగ్గాక ఆవిడ ఓ సీసాడు మాగాయ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ మా గడప తొక్కలేదు. "మా చెట్టు కాయేనయ్యా," అంది, నా వైపు చూడకుండా. మామయ్య రెండు చేతులా అందుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుని, "మీ కాయ రుచే వేరండి అమ్మగారూ," అన్నారు. ఆ ముఖంలో ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు.

ఆవిడ అరుగు మీద కూర్చుని, "కాసిని మంచినీళ్లివ్వమ్మా," అని నన్నడిగింది. గ్లాసు ఇచ్చి, ఎత్తి పోసుకుంటుందేమోనని చూస్తూ నిలబడ్డాను. కరిచే తాగింది, చివరి చుక్క దాకా.

మామయ్య అప్పుడు కూడా అటు తిరిగే నిలబడి ఉన్నారు.