డాక్టరు వగ్దీ తాగిన గ్లాసు

రమదాను రోజుల్లో, ఉపవాసం ఉన్నవాళ్ల కళ్లెదుట నీళ్లు తాగడం మర్యాద కాదని, క్రైస్తవుడైన డాక్టరు వగ్దీ బిషారా ల్యాబులో ఫ్రిజ్ వెనక్కి వెళ్లి తాగేవారు. ఆ మధ్యాహ్నం అక్కడి చీకట్లో చేతికందిన గ్లాసెత్తి గుక్కలో ఖాళీ చేశారు. అవి నీళ్లు కావు. పొద్దుటినుంచీ నలుగురు ఉపవాసులు బొట్టు బొట్టుగా కూడబెట్టిన ఉమ్మి.

“నీళ్లు కాస్త జిగురుగా ఉన్నాయేం?” అన్నారు మూతి తుడుచుకుంటూ.

మేడమ్ ఇన్సాఫ్ గ్లాసు వంక చూసింది, ఆయన వంక చూసింది. “నా మందు తాగేశారు డాక్టరుగారూ.”

ఈజిప్టు పట్టణం దమన్‌హూర్‌లోని ఆ ఆసుపత్రిలో కణజాలానికి రంగులద్దే మనిషి ఇన్సాఫ్. కాలువ నీళ్లలో దిగి వరి నాటిన ఆమె తండ్రి, ఆ నీళ్లలోని పురుగు తెచ్చిపెట్టే మూత్రాశయ క్యాన్సర్‌తో పోయాడు. ఆ జబ్బు ముదిరేకొద్దీ కణాల మీది చక్కెర పూత ఎలా మారుతుందో రంగువేసి చూడాలని పట్టుబట్టి, రెండేళ్లుగా స్లైడులు చేస్తోంది. చిక్కల్లా ఒకటే. కణం కడుపులో దాచుకున్న పిండిపదార్థం కూడా ఆ పూతలాగే గులాబీ రంగులో తేలుతుంది. దాన్ని ముందు కరిగించాలి. కరిగించే ఎంజైము సీసా అలెగ్జాండ్రియా రేవులో ఇరుక్కుంది. ఉమ్మి అయితే ఆ పని చేస్తుంది. ఏది పూతో ఏది పిండో మర్నాటికి తేలకపోతే పని ఆపేయిస్తానని ల్యాబు నడిపే ప్రొఫెసరు అననే అన్నారు.

“తాగినంత ఇప్పుడు ఉమ్మండి,” అని గ్లాసు చేతికిచ్చింది.

“అందరూ అలా గుడ్లప్పగించి చూస్తూంటే ఎలా వస్తుంది మేడమ్? అదీ నలుగురి ఉమ్మి తాగిన నోటితో!”

ఇన్సాఫ్ సంచీలోంచి నిమ్మకాయ తీసి ఆయన ముక్కు కింద మెల్లగా కోసింది. ఆయన చెయ్యి చాచబోయారు.

“తినకండి! పులుపు తగిలితే ఉమ్మి పనికిరాదు. చూడండి, అంతే.”

ల్యాబంతా గుటకలు మింగింది. “మా ఉపవాసాల మీద ఏమిటమ్మా నీకీ పగ!” అని మూలనుంచి తోటి ఉద్యోగిని హుదా మొత్తుకుంది. ఇన్సాఫ్ నోరూ ఊరింది. అయినా పెదవులు బిగబట్టి కోస్తూనే ఉంది.

“కానివ్వండి డాక్టరుగారూ. మీరు సిగ్గుపడితే నా రెండేళ్లూ నైలు పాలు.”

గ్లాసు అడుగు నిండింది.

మర్నాడు ప్రొఫెసరు మైక్రోస్కోపు మీదినుంచి చాలాసేపు తలెత్తలేదు. ఉమ్మి తగిలిన ముక్కలో పిండి తాలూకు గులాబీ మాయమైంది. క్యాన్సర్ కణాల అంచుల మీద మాత్రం ముదురు రంగు చెక్కుచెదరలేదు.

“మిగతావి కూడా చెయ్యి,” అన్నారు.

వ్యాసం అచ్చయ్యాక వగ్దీగారు మూతి ముడుచుకుని వచ్చారు. “ఊడ్చేవాళ్లక్కూడా కృతజ్ఞతలు చెప్పారు. నా పేరేది మేడమ్? ఆ ఉమ్మి నాది కాదూ?”

“మీ పేరు వేస్తే, మీరు తాగేసిన ఆ నలుగురి పేర్లు కూడా వెయ్యాలి డాక్టరుగారూ.”