ఖాళీ మేకు

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆంగ్లేయులను సైనికులు పట్టుకుపోతూ ఉండడంతో, అబూ హలీఫాలోని మా ఫ్లాట్‌లో ఒక ఇంగ్లీషు ఇంజనీరును దాచాం. ఆయనది ఇంగ్లండులో ఒక బొగ్గుగని గ్రామం. గని మూతపడ్డాక ఊరు సగం ఖాళీ అయిందట. అక్కడ కార్మికుడు గనిలోకి దిగేటప్పుడు తన ఇత్తడి బిళ్లను మేకు నుంచి తీసుకెళ్లి, పైకి రాగానే తిరిగి తగిలించేవాడు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా గని దగ్గర నుంచి ఎవరూ కదిలేవారు కారట.

ఆ పద్ధతినే ఆయన మా తలుపు పక్కన పెట్టారు. బయటికి వెళ్లేవారు బిళ్లకు బదులు పాలడబ్బా మూత తీసుకెళ్లాలి. తేదీలు, లెక్కలు తప్ప మరేదీ నమ్మని నాకు అది నచ్చింది.

ఒకనాడు మాతో ఉంటున్న కడప పనిమనిషి రొట్టెలకు వెళ్లి సాయంత్రమైనా రాలేదు. ఇంజనీరు బూట్లు తొడుక్కున్నారు.

"మీరు పట్టుబడతారు," అన్నాను.

"మేకు ఖాళీగా ఉంది," అన్నారు.

తలుపు తీయగానే ఆవిడ ఎదురైంది.

"లైను పెద్దగుండాది, ఆల్చెమైంది. దానికే యాడికి పోతాండావు సారూ? నిన్ను పట్టుకుపోతే మేం యాడ ఎతకల్ల?"

ఆ తెలుగు ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ మూతను మేకుకు తగిలించాక బూట్లు విప్పారు.